అరా? ఆరా?

తెలుగులో ‘అర’కూ ‘ఆరు’కూ మధ్య ఉన్న దూరం చెవికి చాలా తక్కువ. ఒక దీర్ఘం, ఒక కొమ్ము, అంతే. ‘ఇరవై’కీ ‘అరవై’కీ మధ్య ఉన్నది మొదటి అక్షరం ఒక్కటే. సంతలో బేరమాడేటప్పుడు ఈ తేడా వల్ల వచ్చే నష్టం నాలుగు రూపాయలు. రెండోసారి అడిగితే అదీ సర్దుకొంటుంది. పరీక్ష పేపరులో పిల్లవాడు దీర్ఘం మరచిపోతే మేము కోసేది అర మార్కు. కాని ‘పొద్దున అర గోలి’ అని డాక్టరుగారు చెప్పిన మాట ఇల్లు చేరేసరికి ‘ఆరు గోలీలు’గా మారిందనుకోండి, దానికి మార్కులు కోసేవాడు వేరే ఉన్నాడు. ఆయన వాహనం దున్నపోతు.

‘అర గోలి అంటే ఆరు గోలీలు మింగే అమాయకులు ఎక్కడుంటారండీ!’ అని మీరు నవ్వవచ్చు. అమాయకులే మింగనక్కరలేదు, చదువుకొన్నవారే మింగించవచ్చు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 2008లో ఒక మధుమేహ రోగిని ఆసుపత్రి నుంచి పునరావాస కేంద్రానికి పంపారు. ఆమెతోపాటు వెళ్లిన డిశ్చార్జి కాగితంలో ఇన్సులిన్ మోతాదు 8 యూనిట్లకు బదులు 80 యూనిట్లని పడింది. ఒక సున్నా ఎక్కువ. అక్కడివారు కాగితంలో ఉన్నట్లే ఇన్సులిన్ ఇచ్చారు. ఆమె బ్రతకలేదు. కేసు నడిచింది. 2012లో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వవలసిందని తీర్పు చెప్పింది. డాక్టరు చెప్పగా రికార్డయిన మాటలను కాగితం మీదికి ఎక్కించే ఆ పని చేతులు మారి మారి చివరకు వచ్చి చేరిన చోటు మన దేశమే.

ఆ పనికి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని పేరు. ఈ మాట మన తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. 1990లు ముగిసి కొత్త శతాబ్దం మొదలయ్యే రోజులలో హైదరాబాదు అమీర్‌పేట వీధులలో ఎటు చూసినా ఈ శిక్షణ బోర్డులే కనిపించేవి. అమెరికా డాక్టరు రోగిని చూడగానే కూర్చొని వ్రాయడు. ఫోనులోనో యంత్రంలోనో గబగబ చెప్పి వెళ్లిపోతాడు. అక్కడ ప్రొద్దుగూకే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. ఆయన నిద్రపోయేలోగా మనవాళ్లు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, పాదం కింద పెడలుతో మాటను ఆపుతూ, వెనక్కు తిప్పుతూ, టైపు చేసి పంపేవారు. ఆయన లేచేసరికి కాగితం సిద్ధం. మన జిల్లాల నుంచి వెళ్లి, మొన్నటిదాకా ఇంగ్లీషంటే బెదిరిన పిల్లలు, ఆరు నెలలలో అమెరికా డాక్టర్ల యాసలు పట్టుకోవడం నేర్చుకొన్నారు.

మా కాలేజీలో చదువుకొని ఆ ఉద్యోగంలో పదేళ్లకు పైగా పనిచేసిన ఒక అమ్మాయి నాకు ఆ పని లోతుపాతులు విడమరచి చెప్పింది. టైపు రావడం, యాస పట్టుబడడం అందులో చిన్న భాగాలట. అసలు కష్టం మందుల పేర్లు, మోతాదులు. మిగతా వాక్యంలో ఒక మాట జారినా సందర్భం పట్టి చదువుకోవచ్చు. మందు పేరుకు వెనుకా ముందూ ఆధారం ఉండదు. పైగా కవల పిల్లల్లాంటి పేర్లు ఎన్నో.

ఉదాహరణకు అమెరిల్ తెలియని మధుమేహ కుటుంబం ఉండదేమో. చక్కెరను తగ్గించే గోలి అది. మతిమరుపు వ్యాధికి ఇచ్చే ఒక మందుకు రెమినిల్ అని పేరు పెట్టారు. రెండూ పక్కపక్కన పలికి చూడండి. ఆపైన రెండింటిలోనూ 4 మిల్లీగ్రాముల గోలీ ఉంది. అమెరికాలో ఒకదానికి బదులు ఇంకొకటి పడి, చక్కెర పడిపోయి, ప్రాణాలు పోయిన తరువాత 2005లో రెమినిల్ పేరు మార్చి రజడైన్ అన్నారు. కడుపులో ఆమ్లం తగ్గించే లోసెక్‌నూ, ఒంటి నీరు తీసే లేసిక్స్‌నూ కలగాపులగం చేస్తూంటే 1990లో అక్కడ లోసెక్‌ను ప్రైలోసెక్ చేశారు. మనుషులకు నామకరణం తల్లిదండ్రుల ముచ్చట కొద్దీ జరుగుతుంది. మందులకు ఆ పేరు ఫోనులో ఎలా వినబడుతుందో కూడా చూసుకోవాలి.

మరి ఆ అమ్మాయి ఏం చేసేది? మందు పేరు చెవిన పడగానే వేళ్లు టైపు చేయరాదు. ముందు అయిదు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పేరుగల మందు నిజంగా ఉన్నదా? ఉంటే, ఈ రోగికి ఉన్న జబ్బుకు అది ఇస్తారా? ఇస్తే, ఈ బలంలో ఆ గోలి తయారవుతుందా? నోటితో వేసుకొనేదా, సూది మందా? రోజుకు ఎన్నిసార్లు, ఆ సంఖ్య ఇదే రిపోర్టులో పైన చెప్పిన దానితో సరిపోతున్నదా?

ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ చాలదు. థైరాయిడ్ రోగికి ఇచ్చే థైరాక్సిన్ 50 మిల్లీగ్రాములని వినబడిందనుకోండి, ఆ బలంలో గోలి లేదు, ఉన్నది 50 మైక్రోగ్రాములు, వెయ్యింతల తేడా. అక్కడ మూడో ప్రశ్న కాపాడుతుంది. కాని మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్‌లోనూ, సూక్ష్మజీవుల మీద ప్రయోగించే మెట్రోనిడజోల్‌లోనూ 500 మిల్లీగ్రాముల గోలీ ఉంది. పేరు మొదటి అక్షరాలు ఒకటే, బలం ఒకటే. అక్కడ మూడో ప్రశ్న చేతులెత్తేస్తుంది. రెండో ప్రశ్న, ‘ఈయన జబ్బేమిటి’ అన్నది, ఆదుకొంటుంది. ఇంగ్లీషులో పదిహేను, యాభై ఒకేలా వినబడతాయి కనుక జాగ్రత్తగల డాక్టర్లు ‘ఒకటి, అయిదు’ అని విడదీసి చెబుతారట.

ఈ ప్రశ్నలన్నీ వేసినా తేలకపోతే? అప్పటికి ఉన్న నియమం ఒక్కటే. ఊహించి నింపరాదు. అక్కడ ఖాళీ వదలి, ఫలానా నిమిషం ఫలానా సెకను దగ్గర మందు పేరు తెలియలేదు అని చీటీ జతచేసి, డాక్టరుకే తిప్పి పంపాలి.

వినడానికి సులువుగా ఉంది. కాని ఆ ఉద్యోగంలో కూలి చాలాచోట్ల టైపు చేసిన వరుసల లెక్కన. ఎంత వేగమైతే అంత జీతం. ఖాళీలు ఎక్కువైతే ‘ఈ పిల్లకు చెవి చాలదు’ అనే మాట. అంటే వేగానికి బహుమానం, సందేహానికి శిక్ష. అటువంటి చోట తెల్లవారుజామున మూడు గంటలకు, నిద్ర కళ్లతో, ‘నాకు తెలియలేదు’ అని ఒక ఖాళీ వదలడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ‘ఇదే అయి ఉంటుందిలే’ అనుకొని నింపేస్తే ఎవరూ పట్టుకోరు. నూటికి తొంభైసార్లు అదే అయి ఉంటుంది కూడా. మిగిలిన పదిసార్ల సంగతే నేను మాట్లాడుతున్నది.

ఇది వింటూంటే, తెలుగు చదువుకొన్నవాడిని కనుక, నాకు తాళపత్రాలు గుర్తుకు వచ్చాయి. అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలన్నీ బ్రతికింది వ్రాయసకాండ్ర గంటాల మీదనే. ఒక ప్రతి చూసి ఇంకొక ప్రతి, దానిని చూసి మరొకటి. ‘ప’కూ ‘వ’కూ, ‘ధ’కూ ‘థ’కూ తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. పాత ఆకు చివికిపోయి అక్షరాలు పోయినచోట మంచి లేఖకుడు ఏం చేసేవాడు? పోయినంత మేర ఖాళీ వదిలేవాడు. పండితులు దానిని గ్రంథపాతము అన్నారు. నేటికీ అచ్చు పుస్తకాలలో ఆ చోట చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ‘ఇక్కడ ఏదో ఉండేది, నాకు తెలియదు, తెలిసినవారు పూరించండి’ అని వందల ఏళ్ల కిందటి మనిషి నిజాయితీగా చెప్పిన మాట అది.

చిక్కు తెచ్చిపెట్టినవాడు రెండో రకం లేఖకుడు. కొంచెం చదువు, కొంచెం తెలివి ఉన్నవాడు. తనకు తెలియని మాట కనిపిస్తే, ఇది తప్పు అయి ఉంటుందని, తనకు తెలిసిన మాట పెట్టి చక్కగా అతికేవాడు. ఛందస్సు సరిపోతుంది, అర్థమూ కుదురుతుంది, కాని కవి మాట పోతుంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో తన బంగళాలో పండితులనూ వ్రాయసకాండ్రనూ జీతమిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ పక్కపక్కన పెట్టి సరిచూపించింది ఇందుకే. అరిగిన అక్షరం ‘నేను అరిగాను’ అని తానే చెబుతుంది. అతికిన తప్పు నోరు విప్పదు.

మందుల విషయంలోనూ సరిగ్గా ఇంతే. చెవి తనకు అలవాటైన పేరునే వింటుంది. రోజూ లేసిక్స్ వినే చెవికి లోసెక్ కూడా లేసిక్సే. కాబట్టి ఈ పనిలో అసలు విద్య తెలియనిదాన్ని తెలియనిదిగా ఉంచడం.

తప్పులు చెవివే కాదు, కంటివీ ఉన్నాయి. యూనిట్లు అనడానికి ఇంగ్లీషు అక్షరం ‘యు’ ఒక్కటే వ్రాస్తే అది సున్నాలా కనబడి 4 యూనిట్లు 40 అవుతుంది. 1 అని వ్రాయక 1.0 అని వ్రాస్తే చుక్క మసకబారి 10 అవుతుంది. 0.5కు ముందున్న సున్నా మానేస్తే 5 అవుతుంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఇటువంటి పొట్టి గుర్తులు వాడరాదని ఒక నిషేధ జాబితాయే వేసింది. యూనిట్లు అని పూర్తిగా వ్రాయాలి. పూర్ణసంఖ్య వెనుక చుక్కా సున్నా పెట్టరాదు. చుక్కకు ముందు సున్నా మానరాదు. నాలుగు అక్షరాలు పొదుపు చేసి ఎవరు మేడలు కట్టారు గనుక!

మన దేశం సంగతి చూద్దాం. 2001లో సుప్రీంకోర్టు ముందుకు ఒక మందుల పేర్ల తగాదా వచ్చింది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అని రెండు మందులు. రెండూ మలేరియాకే, కాని లోపలి మందులు వేరు. మామూలు సరుకుల పేర్ల విషయంలో చూసే దానికంటె మందుల పేర్ల విషయంలో ఎక్కువ కఠినంగా ఉండాలని న్యాయస్థానం చెప్పింది. ఇన్ని భాషలున్న దేశంలో, ఇంగ్లీషు రానివారు ఇందరున్నచోట, పాశ్చాత్య దేశాల కొలబద్ద చాలదని కూడా అన్నది. 2019లో వచ్చిన నిబంధన ప్రకారం కొత్త పేరు పెట్టే కంపెనీ, అటువంటి పేరు ఇదివరకు లేదని హామీపత్రం ఇవ్వాలి.

ఇక మనకు పొరుగునే జరిగిన సంగతి. నల్లగొండ జిల్లాలో మందుల దుకాణం నడిపే ఒక ఫార్మసిస్టు, నోయిడాలో జ్వరం వచ్చిన మూడేళ్ల బిడ్డకు తప్పు ఇంజక్షను పడి ప్రాణం పోయిందన్న వార్త చదివి ఊరుకోలేదు. 2014లో హైదరాబాదులోని హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేశాడు. డాక్టర్లు అర్థమయ్యేలా వ్రాయాలన్నదే ఆయన కోరిక. 2016లో అప్పటి మెడికల్ కౌన్సిల్, మందుల జెనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలలో వ్రాయవలసిందని నిబంధన తెచ్చింది. అక్షరం గుండ్రంగా ఉండాలని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులం మేమొక్కరమే అనుకొన్నాను. ఒక మందుల కొట్టు ఆయన పెద్ద డాక్టర్లకే పాఠం చెప్పించాడు. 2025లో పంజాబు, హర్యానా హైకోర్టు మరొక అడుగు వేసి, చదవగలిగే మందుల చీటీ పొందడం రోగి ప్రాథమిక హక్కు అని చెప్పింది.

‘ఇప్పుడు ఈ తంటా ఎందుకండీ, మాట వింటే కంప్యూటరే వ్రాసేస్తుందిగా?’ అని కాలేజీలో మా కుర్రకారు అడుగుతున్నారు. వ్రాస్తుంది. 2018లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, యంత్రం వ్రాసిన వైద్య పత్రాలలో వంద మాటలకు ఏడుకు పైగా తప్పులు తేలాయి. ట్రాన్స్‌క్రిప్షన్ తెలిసిన మనిషి ఒకసారి సరిచూశాక ఆ తప్పులు వందకు 0.4కు దిగాయి. అంటే యంత్రం వచ్చినా ఆ అమ్మాయి అవసరం పోలేదు. టైపు చేసే మనిషి సరిచూసే మనిషి అయింది. 2024లో మరికొందరు పరిశోధకులు ఒక పేరుపొందిన యంత్రాన్ని పరీక్షిస్తే, నూటికి ఒకటి చొప్పున, ఎవరూ అనని మాటలను అది స్వయంగా కల్పించి వ్రాసింది. చూశారా, మన రెండో రకం లేఖకుడు మళ్లీ పుట్టాడు! ఖాళీ వదలడం ఇతనికీ రాదు. అతుకు ఎంత నున్నగా ఉంటే అంత జాగ్రత్త పడాలి.

ఇదంతా ఆసుపత్రులు, కోర్టులు, కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోకండి. ప్రతి ఇంట్లోనూ ఒక ట్రాన్స్‌క్రిప్షనిస్టు ఉన్నారు. మా సిద్దిపేటలో సాయంత్రం పూట ఏ మందుల దుకాణం ముందైనా పది నిమిషాలు నిలబడండి. ‘మొన్న ఇచ్చిన ఎర్ర గోలి, బీపీది, గదే ఇయ్యి’ అనే పెద్దమ్మ ఉంటుంది. పేరున్న సగం చింపేసిన గోలీల పట్టీ తెచ్చిన తాత ఉంటాడు. హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులో పేరు చెబుతుంటే, ఇక్కడ కోడలు పాలప్యాకెట్టు కాగితం మీద తెలుగులో వ్రాసుకొని వస్తుంది. డాక్టరు నోటి నుంచి రోగి నోటిదాకా మందు పేరు ఎన్ని చెవులు, ఎన్ని చేతులు మారుతున్నదో లెక్కపెట్టండి. ఒక్కొక్క మార్పూ ఒక్కొక్క తాళపత్ర ప్రతి.

2018లో మా ఊరికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. డాక్టర్లు దగ్గరయ్యారు, సంతోషమే. దగ్గరైన డాక్టరును రెండోసారి అడగడానికి మనకు మొహమాటం మాత్రం తగ్గలేదు. ‘పెద్ద సారు, మళ్లీ అడిగితే ఏమనుకొంటాడో’ అని తలూపి బయటికి వచ్చి, తలుపు దగ్గర ఉన్న నర్సమ్మను అడుగుతాము. ఆమె పనిలో ఉంటే దుకాణం కుర్రవాణ్ణి అడుగుతాము. వాడూ పనిలో ఉంటే ఇంటికొచ్చి ఊహిస్తాము. అడగడం తప్పు కాదు. చెప్పినదాన్ని తిరిగి అప్పజెప్పడం ఇంకా మంచిది. ‘ఈ గోలి పొద్దున అర, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక, అంతేనా సార్?’ అంటే పట్టేది అర నిమిషం.

ఇల్లాళ్లకు కొన్ని మాటలు. గోలీల పట్టీని పేరు లేని వైపు నుంచి చింపండి; చివరి గోలిదాకా పేరు మిగలాలి. ఫోనులో మందు పేరు చెప్పవద్దు, పట్టీ ఫోటో పంపండి. తప్పనిసరై చెబితే అక్షరం అక్షరం చెప్పి, అవతలివారి చేత తిరిగి చెప్పించండి. సంఖ్యను ‘అరవై, ఆరు సున్నా’ అని రెండు విధాల చెప్పండి. ఏ మందు ఏ జబ్బుకో చీటీ మీదనే వ్రాయించుకోండి. ఆ ఒక్క మాట ఉంటే దుకాణదారుకు రెండో ప్రశ్న వేసే వీలుంటుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకొనేది. రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారున్నారు. ఆ పట్టీ మీద ‘ఫలానా వారం మాత్రమే’ అని తెలుగులో వ్రాసి అతికించండి.

ఇన్సులిన్ ఉన్న ఇళ్లకు మరొకటి. మన దేశంలో బుడ్డి ఇన్సులిన్‌లో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేది ఉంది, 100 యూనిట్లు ఉండేదీ ఉంది. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజరంగు మూత సిరంజి. వందరకం ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజితో పది గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది పది కాదు, ఇరవై అయిదు. దుకాణంలో సిరంజి కొనేటప్పుడు బుడ్డిని వెంట తీసుకుపోవడం మరవకండి.

పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు జవాబు తెలియక ఖాళీ వదిలినవాడికి మేము సున్నా వేస్తాము. ఏదో ఒకటి నింపినవాడికి జాలిపడి ఒక మార్కు వేస్తాము. పదిహేనేళ్లు ఇలా పెరిగినవారే రేపు కాంపౌండర్లు, నర్సులు, డాక్టర్లు, టైపిస్టులు అవుతారు. అర్ధరాత్రి ఒక మందు పేరు సరిగా వినబడనప్పుడు వారు ఏం చేస్తారో మనం బడిలోనే నేర్పి పంపుతున్నాము. ‘నాకు తెలియదు, ఒక్కసారి అడిగి చెబుతాను’ అన్న పిల్లవాణ్ణి ఈసారి చూస్తే గద్దించకండి. మీ ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ ఉంటే, అటువంటివాడే ఆ చీటీ వ్రాయాలని కోరుకోండి.